ఉపాధ్యాయుల స్వానుభవ కథనం

ఉపాధ్యాయుడు పాఠం మధ్యలో తన జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని ఆసరాతో పాఠ్యాంశాన్ని పిల్లలకు అర్థం చేయించే పద్ధతిని స్వానుభవ కథనం అంటారు. పంచతంత్రం, నీతి కథలు, మహనీయుల జీవిత విశేషాలు దీని పరిధిలోకి రావు. సంగతి చెప్పే మనిషికే జరిగి ఉండాలి, లేదా ఆ మనిషి తన ఇంట్లోనో ఊళ్లోనో కళ్లారా చూసినదై ఉండాలి. పాఠంతో పొత్తు లేని కబుర్లు కూడా దీనికిందికి రావు. మాస్టారి పెళ్లి ముచ్చట్లకు తరగతి ఎంత నవ్వినా, ఆ పీరియడ్‌లో చెప్పాల్సిన భిన్నాలు చెప్పకుండానే గంట కొడితే అది కాలక్షేపం కిందే లెక్క.

దాదాపు ప్రతి బడిలోనూ ఈ పని జరుగుతూనే ఉంటుంది. అయినా టీచింగ్ డైరీలో దీనికి గడి లేదు, తనిఖీకి వచ్చినవారు దీని గురించి అడగరు. ఉపాధ్యాయుడి విజయాల కన్నా అతనికి తెలియని రోజులు, తడబడిన రోజులు పిల్లల చదువుకు ఎక్కువ పనికొస్తాయని తెలుగు నేల మీది అనుభవమూ, బయటి పరిశోధనా సూచిస్తున్నాయి. ఈ వ్యాసం ఉత్తరాంధ్రను, అందులో అనకాపల్లి జిల్లా చీడికాడ మండలాన్ని ఉదాహరణల కోసం తీసుకుంటుంది.

చీడికాడ పరిసరాలు

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లాను విడదీసినప్పుడు చీడికాడ మండలం మాడుగుల, దేవరాపల్లి, కె.కోటపాడు మండలాలతో పాటు అనకాపల్లి జిల్లాలో చేరింది. ఒకవైపు తూర్పు కనుమల కొండలు, మరోవైపు వరి, చెరకు పండే పల్లం. కొండల్లోంచి దిగే బొడ్డేరు మీద కోనం దగ్గర జలాశయం కట్టారు. ఆ ఏరు పోయి శారదా నదిలో కలుస్తుంది. పక్కనే దేవరాపల్లి మండలంలో శారద మీద రైవాడ జలాశయం ఉంది. చెరకు ఒకప్పుడు గోవాడ చక్కెర మిల్లుకు బళ్ల మీద పోయేది, లేదంటే ఊళ్లోనే బెల్లమై అనకాపల్లి మార్కెట్టుకు చేరేది. కొండవాలులో గిరిజన పల్లెలున్నాయి. ఈ ప్రాంతంలో అలాంటి పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతపు గీతకు బయట పడిపోయాయి.

ఇలాంటి మండలంలో ఒకే బెంచీ మీద చెరకు రైతు కొడుకు, కూలికి వెళ్లే తల్లి కూతురు, కొండ మీది పల్లె నుంచి దిగివచ్చిన పిల్లవాడు కూర్చుంటారు. పాఠం చెప్పే సారు చోడవరం నుంచో అనకాపల్లి నుంచో బస్సు దిగి వస్తారు. రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యపుస్తకం అచ్చువేసేటప్పుడు ప్రతి మండలంలోని ఏరునూ చెరువునూ అందులో ఇరికించడం కుదరదు. పుస్తకానికీ కోనం కాలువకూ మధ్య ఉన్న ఆ ఖాళీని పూరించడానికి తరగతిలో ఉన్న మనిషి ఒక్కరే, ఆ ఉపాధ్యాయుడే. ఆ ప్రాంతం అతనికీ కొత్తదే అయితే పని ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

తెలుగు గురువులు, వారి సొంత కథలు

అసలు కథ ఆపి పిట్టకథ చెప్పి, మళ్లీ అసలు కథలోకి రావడం హరికథకులకు వెన్నతో పెట్టిన విద్య. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత పాఠశాలకు మొదటి ప్రిన్సిపల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు ఆ కళలో అందెవేసిన చేయి. తన జీవితాన్ని ఆయన ‘నా యెరుక’లో తానే చెప్పుకున్నారు. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ‘కథలు–గాథలు’ చదివితే ఆయన తరగతి ఎలా నడిచి ఉంటుందో కొంత ఊహించవచ్చు. ఒక పద్యం ఎత్తుకుంటే అది ఏ సభలో, ఎవరితో పేచీ వచ్చినప్పుడు పుట్టిందో చెప్పకుండా ఆయన ముందుకు కదలరు. దారి తప్పుతున్నట్టే ఉంటుంది గాని పద్యం గుర్తుండిపోతుంది. ఇదే కథను శిష్యుడి వైపు నుంచి చూడాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ–జ్ఞాపకాలూనూ’ చదవాలి. గురువు మాటల్లో ఏది కుర్రవాడి మనసులో నాటుకుంటుందో, ఏది చెవి పక్కనుంచి పోతుందో ఆ పుస్తకం చెప్పినంత బాగా బోధనాశాస్త్ర గ్రంథాలు చెప్పలేవు.

ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుల్లో ఈ విషయానికి అందరికన్నా దగ్గరివాడు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాల లిపిని గురువు లేకుండా, కూడబలుక్కుంటూ, సొంతంగా నేర్చుకున్నారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనిపించినప్పుడు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని అతని దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. పంతులే బడిపిల్లవాడై, బడి మొహం చూడని మనిషి ముందు కూర్చున్నాడన్నమాట. ఆ తర్వాతే సవర పిల్లలకు వాళ్ల భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. రాతలో వాడుక భాష ఉండాలని ఆయన చేసిన పోరాటం వెనక కూడా, పుస్తకంలోని తెలుగు తన ముందున్న పిల్లవాడికి అందక తడబడటం రోజూ చూసిన ఉపాధ్యాయుడి అనుభవం ఉంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజు సభల్లో ఆయన పాండిత్యాన్నే పొగుడుతారు. సవర పలుకులు నోరు తిరక్క ఆయన పడిన పాట్లు చెబితే పిల్లలకు ఇంకా దగ్గరవుతారు.

ఇదే నేల ఈ పద్ధతికి గొప్ప వెక్కిరింపునూ ఇచ్చింది. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో 1862లో పుట్టి, విజయనగరంలో 1884 నుంచి పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని సృష్టించారు. నాటకం 1892లో రంగమెక్కింది, 1897లో అచ్చయింది, 1909లో పెంచి రాసిన రూపం వచ్చింది. గిరీశం పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారానికి వెళతాడు. అతని పాఠమంతా సొంత డబ్బానే. తాను ఇచ్చిన ఉపన్యాసాలు, తనకున్న పలుకుబడి, తనను మెచ్చుకున్న దొరలు. శిష్యుడు నోరు తెరుచుకొని వింటాడు, గురువుగారిని ఆరాధిస్తాడు, చుట్ట తాగడం నేర్చుకుంటాడు. చదువు మాత్రం అంటదు. కథ రక్తి కట్టింది, పిల్లవాడు ఉత్సాహపడ్డాడు, గురుశిష్యుల మధ్య చనువు కుదిరింది. అన్నీ అమరినా నేర్చినది సున్నా. సొంత కథ పాఠానికి కాకుండా చెప్పేవాడి గొప్పకు ఊడిగం చేసినప్పుడు ఏమవుతుందో ఇంతకన్నా బాగా చూపిన రచన మరోటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బి.ఇడి. తరగతుల్లో ఈ నాటకం పాఠ్యాంశంగా ఉండదగ్గది.

కథకూ బడికీ ఇక్కడ చుట్టరికం ఉంది, ఉత్తరాంధ్ర కథకుల్లో బడిపంతుళ్లు చాలామందే. కారా మాస్టారుగా పేరుపడిన కాళీపట్నం రామారావు విశాఖ సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో 1979 దాకా లెక్కలు చెప్పారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. ఆయన్ను ఊరంతా చివరిదాకా ‘మాస్టారు’ అనే పిలిచింది.

పరిశోధన ఏం చెబుతోంది

అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1986లో మనిషి ఆలోచన రెండు దారుల్లో నడుస్తుందన్నారు. ఒకటి తర్కం, సూత్రం, రుజువుల దారి. రెండోది ఎవరికి ఏమైంది, ఎందుకైంది, ఆ తర్వాత ఏమైంది అనే కథ దారి. బడి మొదటిదాన్నే చదువు అనుకుంటుంది. పిల్లలు ఇంటి నుంచి వచ్చేది రెండోదానితో.

కథకు ఉన్న ఈ బలమే దానికి దోషం కూడా. 1990లలో షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంలో పిడుగుపాటు గురించిన ఆసక్తికరమైన, కానీ అసలు వివరణకు అవసరం లేని సంగతులు కలిపి చూశారు. పిడుగు కబుర్లు లేని పాఠం చదివినవాళ్లే మెరుపు పుట్టే క్రమాన్ని బాగా చెప్పగలిగారు. కలిపిన పాఠం చదివినవాళ్లకు కబుర్లు గుర్తుండిపోయి కారణం జారిపోయింది. తరగతిలో కూడా అంతే. మాస్టారు బావిలో పడ్డ కథ పదేళ్లు గుర్తుంటుంది, అది ఏ పాఠంలో చెప్పారో ఎవరికీ గుర్తుండదు.

2016లో షియావోడాంగ్ లిన్–సీగ్లర్ బృందం న్యూయార్కులోని పేద ప్రాంతాల బడుల్లో 9, 10 తరగతుల పిల్లలు 402 మందితో చేసిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల గురించి కొందరికి వాళ్ల ఘనకార్యాలు మాత్రమే చెప్పారు. కొందరికి పరిశోధనలో వాళ్లు ఎలా విఫలమయ్యారో, మరికొందరికి జీవితంలో పడిన కష్టాలేమిటో చెప్పారు. విఫలమైన కథలు, కష్టాల కథలు విన్నవాళ్లకు సైన్సు మార్కులు మెరుగయ్యాయి. ఘనకార్యాలు విన్నవాళ్లకు ఆ లాభం కలగలేదు. చదువులో వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఇవి శాస్త్రవేత్తల కథలే గాని ఉపాధ్యాయుల సొంత కథలు కావు. అయినా ఎదుట నిలబడిన సారుకూ ఒకప్పుడు ఈ లెక్క రాలేదని తెలిస్తే అది ఐన్‌స్టీన్ కథ కన్నా దగ్గరగా తాకుతుందని అనుకోవడానికి కారణం ఉంది.

ఉపాధ్యాయులు తమ గురించి చెప్పుకోవడం మీదనే నేరుగా జరిగిన అధ్యయనాలు ఎక్కువగా కాలేజీ స్థాయివి. 1988లో డౌన్స్, జావిదీ, నస్‌బామ్ కాలేజీ తరగతులను గమనించి, అధ్యాపకులు హాస్యాన్నీ సొంత సంగతులనూ కథలనూ ఎక్కువగా పాఠ్యాంశాన్ని విడమరచడానికే వాడుతున్నారని గుర్తించారు. 2007లో మేజర్, మర్ఫీ, సైమండ్స్ చేసిన అధ్యయనంలో, తన గురించి ఎక్కువ పంచుకున్న అధ్యాపకురాలి ఫేస్‌బుక్ పేజీ చూసిన విద్యార్థులు ఆమె తరగతిలో తమకు ఉత్సాహం ఎక్కువ ఉంటుందని ఊహించారు. ఊహించారు, అంతే. నేర్చుకున్నారో లేదో ఆ అధ్యయనం కొలవలేదు. ఈ తేడా పట్టించుకోకుండా దీన్ని ఉదహరించకూడదు.

పాఠాల్లో ఎలా ఒదుగుతుంది

ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుల దగ్గర సిద్ధంగా ఉన్న గొప్ప భూగోళ పాఠం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12 ఆదివారం ఆ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్లింది. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలు అప్పటికి చంటిపిల్లలు, లేదా ఇంకా పుట్టనివాళ్లు. ఉపాధ్యాయుల్లో చాలామందికి మాత్రం ఆ రోజు కళ్లకు కట్టినట్టే ఉంది. పుస్తకంలో తుఫాను కన్ను ఒక బొమ్మ. బొమ్మ మధ్యలో చిన్న సున్న. ఆ రోజు విశాఖలో ఉన్న టీచరు అయితే ఇలా చెప్పగలుగుతారు: పొద్దుటి నుంచీ ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి ఒక్కసారి ఆగింది, తుఫాను అయిపోయిందనుకొని జనం తలుపులు తీసి వీధుల్లోకి వచ్చారు, కాసేపటికి గాలి రెండో వైపు నుంచి విరుచుకుపడింది. అక్కడ ఆపి, గాలి దిక్కు ఎందుకు మారిందని పిల్లల్ని అడిగితే, కన్ను చుట్టూ గాలి తిరుగుతోందన్న సంగతి వాళ్లే బొమ్మ గీసి తేల్చుకుంటారు. కథ ప్రశ్న దగ్గర ఆగడం ఇక్కడ కీలకం. ఇంటి పైకప్పు రేకులు ఎంత దూరం ఎగిరాయో చెబుతూ పోతే అది హార్ప్, మేయర్ పిడుగు కబుర్ల బాపతు అవుతుంది. తుఫాను తర్వాత రోజులపాటు కరెంటు లేని సంగతి ఆ రోజు పాఠానికి అక్కర్లేదు, విద్యుత్ పాఠానికి దాచుకోవచ్చు.

లెక్కల్లో దీనికి తగిన చోటు వడ్డీ. పుస్తకంలో వడ్డీ సంవత్సరానికి నూటికి ఇంత అని ఉంటుంది. ఊళ్లో మాత్రం ‘నూటికి మూడు’ అంటే నెలకు వంద రూపాయల మీద మూడు రూపాయలు. ఇంట్లో వినే మాట ఒకటి, పుస్తకంలో చదివే మాట మరొకటి కావడంతో పిల్లలు రెంటినీ కలుపుకోరు. లెక్కల సారు తన చిన్నప్పటి సంగతి చెబుతున్నాడనుకుందాం. వాళ్ల నాన్న చెరకు నాటడానికి షావుకారు దగ్గర పది వేలు నూటికి మూడు చొప్పున తెచ్చాడు, పది నెలలకు తీర్చాడు. నెలకు 300, పది నెలలకు 3,000. పుస్తకం భాషలో అది ఏడాదికి 36 శాతం. అదే సొమ్ము బ్యాంకులో 7 శాతానికి పంట రుణంగా తెచ్చుకొని ఉంటే పది నెలలకు వడ్డీ 583 రూపాయలు. తాను ఏడో తరగతిలో ఈ తేడా ఇంట్లో చెబితే నాన్న నమ్మలేదని, బ్యాంకులో పని అవ్వడానికి ఎన్నిసార్లు తిరగాలో అడిగాడని సారు చెబితే, సూత్రంతో పాటు షావుకారు ఇంకా ఎందుకు బతుకుతున్నాడో కూడా తరగతికి తెలుస్తుంది. కథ అప్పుడు వడ్డీ లెక్కను దాటి సాంఘిక శాస్త్రంలోకి వెళ్లిపోతుంది. ఒక్కోసారి అలా వెళ్లనివ్వడమే మేలు.

చెరకు ప్రాంతంలో రసాయన శాస్త్రానికి బెల్లం పెనం చాలు. చెరకు రసానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. పెనంలో కాగేటప్పుడు సున్నం కలిపితే ఆమ్లం తగ్గుతుంది, మలినాలు తెట్టుగా పైకి తేలి తీసెయ్యడానికి వీలవుతుంది. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది, మార్కెట్టులో ధర పడిపోతుంది. చిన్నతనంలో పెనం దగ్గర నిలబడి తెలియక సున్నం ఎక్కువ పోసిన సారు, ఆ నల్ల బెల్లం దిమ్మలతో నాన్న అనకాపల్లి వెళ్లి ఏ ధరకు అమ్ముకొచ్చాడో చెబితే, తటస్థీకరణ అనే మాటకు ఒక రంగూ ఒక రేటూ వస్తాయి. తరగతిలో సగం మందికి పెనం తెలుసు గనక సారు చెప్పినదాంట్లో తప్పులు పట్టేవాళ్లూ ఉంటారు. వాళ్లను పట్టనివ్వాలి.

చరిత్రలో ఇది కత్తి మీద సాము, ఎందుకంటే అక్కడ చేతికొచ్చేది చాలావరకు కళ్లారా చూసినది కాదు, ఇంట్లో విన్నది. అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది. కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఈ జిల్లా ఉపాధ్యాయుల్లో ఎవరికైనా మా తాత చూశాడట, మా ముత్తవ్వ చెప్పేది అనే కథ ఒకటి ఉండవచ్చు. ఇంటి కథకు వేడి ఉంటుంది, తేదీ ఉండదు. సినిమాలు చూశాక అందులో ఎన్ని సినిమా దృశ్యాలు కలిశాయో చెప్పలేం. అలాంటి కథ చెప్పి, దాన్ని పుస్తకంలోని ఆధారాలతో పోల్చమని పిల్లలకే అప్పగించే ఉపాధ్యాయుడు చరిత్ర ఎలా రాస్తారో నేర్పుతున్నాడు. అదే కథను సాక్ష్యంగా నిలబెట్టేవాడు పుకారు నేర్పుతున్నాడు.

తెలుగు తరగతిలో మాట ఊసు చాలు. పట్నం కాలేజీకి వెళ్లిన మొదటి రోజు ‘ఏటి’ అనో ‘ఎల్లిపోనాను’ అనో అంటే తోటివాళ్లు నవ్విన సంగతి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఏ ఉపాధ్యాయుణ్ని కదిపినా దొరుకుతుంది. మాండలికం, ప్రామాణిక భాష అనే పాఠానికి దీన్ని మించిన ప్రవేశిక ఉండదు.

ఎవరి కథ, ఎవరి ముందు

బస్సు దిగి వచ్చే సారు సొంత కథ కొండ మీది పల్లె పిల్లవాడికి పుస్తకమంత పరాయిది కావచ్చు. అపార్ట్‌మెంటు, ట్యూషన్, రైలు ప్రయాణం వీటితో అల్లిన కథ వాణ్ని దగ్గరకు తీసుకునే బదులు మరింత దూరం నెడుతుంది. ఈ చిక్కు తెలిసే 1990ల్లో ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) ద్వారా ‘మాబడి’, గిరిజన విద్యా వికాస కేంద్రాల వంటి ప్రయత్నాలు జరిగాయి. చదువుకున్న స్థానిక యువకులే వాటిలో ఉపాధ్యాయులు. పాఠం చెప్పే మనిషి అనుభవమూ వినే పిల్లల అనుభవమూ ఒకే అడవిలోంచి పుట్టినవి. గిరిజన సంక్షేమ శాఖలో ఆ రోజుల్లో పనిచేసి, తర్వాత పాఠశాల విద్యా కమిషనర్ అయిన వాడ్రేవు చినవీరభద్రుడు ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’లో ఆ కాలాన్ని రికార్డు చేశారు. 2000ల్లో మొదలైన మాతృభాషా విద్యా కార్యక్రమంలో కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా, సవర, బంజారా, గోండి, కొలామి భాషల్లో వాచకాలు తయారయ్యాయి. గిడుగు వంద ఏళ్ల ముందు ఒంటరిగా చేసిన పనికి అది ప్రభుత్వ రూపం.

సారుది ఆ ఊరు కానప్పుడు మార్గం లేకపోలేదు. ఆయన తన తెలియనితనాన్నే కథగా చెప్పవచ్చు. ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి వారం ఏ కాలిబాట ఎటు పోతుందో తెలియక తప్పిపోయానని, మీ తాతే దారి చూపాడని మొదలుపెడితే, అక్కడి నుంచి పటాల పాఠానికి, సమోన్నత రేఖల పాఠానికి పిల్లలే గురువులవుతారు.

కులం దగ్గర మాట మరింత జాగ్రత్తగా వాడాలి. గుంటూరు ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేసిన గుర్రం జాషువా ‘నా కథ’లో తాను పడ్డ అవమానాలను పద్యాల్లో పెట్టారు. కాలేజీ అధ్యాపకుడైన వై.బి. సత్యనారాయణ తన కుటుంబం మూడు తరాల చదువు కథను ఇంగ్లీషులో రాశారు. అది తెలుగులో ‘మా నాయన బాలయ్య’గా వచ్చింది. ఇలాంటి జీవితం గడిపిన ఉపాధ్యాయుడు తరగతిలో ఒక్క సంగతి చెబితే, వెనక బెంచీలోని పిల్లలకు అది పది ఉపన్యాసాల పెట్టు. కానీ చెప్పడం ఆయనకు ఊరికే వచ్చే పని కాదు. గాయం మళ్లీ విప్పుకోవడం అది. దళిత ఉపాధ్యాయులే తమ కథ చెప్పాలని, మిగిలినవాళ్లు విని కదిలిపోతే చాలునని అనుకోవడం అన్యాయం. అగ్రకులపు ఉపాధ్యాయుడు తన ఇంట్లో దళితులకు వేరే గ్లాసు పెట్టడం చూసిన సంగతి, అప్పుడు తాను నోరు మెదపకుండా కూర్చున్న సంగతి చెబితే ఆ పాఠం పిల్లలందరికీ అందుతుంది. అలా చెప్పేవాళ్లు తక్కువ.

విధానం, శిక్షణ

బయటి జీవితాన్ని బడి చదువుతో ముడిపెట్టాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మొదటి సూత్రంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా ప్రణాళిక 2011లో అదే దారి పట్టింది. 2020 జాతీయ విద్యా విధానం అనుభవపూర్వక అభ్యసనంలో భాగంగా కథలు చెప్పే బోధనను పేరుపెట్టి ప్రస్తావించింది. ఇవన్నీ పిల్లల అనుభవం గురించీ, కథల గురించీ మాట్లాడాయి. ఉపాధ్యాయుడి సొంత అనుభవాన్ని వనరుగా ఎలా వాడాలన్నది వాటిలో పెద్దగా కనిపించదు.

శిక్షణలో దీనికి దగ్గరగా ఉన్నది పాఠ్యపథకంలోని ఉన్ముఖీకరణ. పాఠం మొదట్లో అయిదు నిమిషాలు పిల్లల దృష్టిని అటు తిప్పడం. సూక్ష్మబోధనలో ఉదాహరణలిచ్చే నైపుణ్యం కూడా ఉంది. శిక్షణ తీసుకునే అభ్యర్థులు పరిశీలకుడు వచ్చిన రోజు ఉన్ముఖీకరణ కోసం ఒక కథ తయారు చేసుకొస్తారు. అది తోటి అభ్యర్థి పోయిన వారం చెప్పిన కథే కావడమూ కద్దు. సొంత కథను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తుంచాలో, ఏ ప్రశ్న దగ్గర వదలాలో సాధన చేయించే శిక్షణ అరుదు. పదో తరగతి వచ్చేసరికి ఉన్ముఖీకరణ కూడా ఎగిరిపోతుంది. సిలబస్ పూర్తి చేయాలి, తర్వాత రివిజన్, ఆ తర్వాత స్లిప్ టెస్టులు.

విదేశాల్లో తెలుగు నేర్పే బడుల్లో పరిస్థితి తలకిందులు. 2007లో అమెరికాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల పాఠాలు చెప్పేది స్వచ్ఛందంగా వచ్చే తల్లిదండ్రులు. వాళ్ల దగ్గర బాల్యం పుష్కలంగా ఉంది, పిల్లల దగ్గర దాని ఆనవాలు లేదు. గానుగ, ఏరు, సంత అనే మాటలు ఆ పిల్లలకు పరిచయమయ్యేది ఎక్కువగా ఇలాంటి కథల్లోనే. అక్కడ స్వానుభవ కథనం పాఠానికి దారి చూపదు. చాలాసార్లు అదే పాఠం.

హద్దులు

విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షను పిల్లలకు శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ‘మా రోజుల్లో మా మాస్టారు తొడపాశం పెట్టబట్టే ఇంతటివాణ్ని అయ్యాను’ అనే కథను ఈ వెలుగులో చూడాలి. దెబ్బను గొప్పచేసే ఈ కథ స్టాఫ్ రూముల్లో నేటికీ బాగా చెల్లుబాటవుతోంది. కిరోసిన్ దీపం కింద చదివాను, మైళ్లు నడిచాను అనే కథలు కూడా అన్నివేళలా మంచి చేయవు. కష్టంలో నేర్చుకున్నదేమిటో చెబితే పాఠం. నేను పడ్డాను గనక మీరూ పడండి అంటే దెప్పిపొడుపు. ఇంటి తగాదాలు, జబ్బులు, అప్పుల బాధ, రాజకీయ అభిమానం, తోటి ఉపాధ్యాయుల మీద చాడీలు తరగతిలోకి తేకూడని సరుకు. సారు గోడు విన్న పిల్లవాడు ఓదార్చాల్సిన స్థితిలో పడితే పాత్రలు తారుమారైనట్టే. సొంత కథలో ఇతరులూ ఉంటారు. భార్యో భర్తో, తోబుట్టువో, పాత విద్యార్థో. వాళ్ల పేరు పెట్టి చెప్పే హక్కు ఉపాధ్యాయుడికి లేదు. పాత విద్యార్థి అదే ఊరివాడైతే పేరు దాచినా దాగదు.

సారు తన సంగతి చెప్పాక ‘ఇప్పుడు నీది చెప్పు’ అనడం మరో చిక్కు. చెప్పడానికి ఇష్టపడే పిల్లలుంటారు. తండ్రి తాగుడు, తల్లి వలస, ఇంట్లో ఆకలి తరగతి ముందు విప్పుకోలేని పిల్లలూ ఉంటారు. రాసి ఇవ్వమనడం, లేదా అవ్వనో తాతనో అడిగి వాళ్ల కథ తెమ్మనడం కాస్త నయం. అప్పుడు పిల్లవాడు తనను తాను బయట పెట్టుకోనక్కర్లేదు. వడ్డీ పాఠం తర్వాత ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎంతకు అప్పు తెచ్చారో అడిగి రమ్మంటే మాత్రం జాగ్రత్త పడాలి. మర్నాడు ఊళ్లో ఆ లెక్కలన్నీ అందరికీ తెలిసిపోతాయి.

ఇక అరిగిపోవడం. ఏటా కొత్త బ్యాచికి అదే కథ చెబుతుంటే, మాకు తెలుసు సార్, మా అక్కకూ ఇదే చెప్పారు అని ఎవరో ఒకరు అంటారు. చెప్పిన కొద్దీ కథ పెరుగుతుంది కూడా. మొదటి ఏడాది మోకాలి లోతున్న బొడ్డేరు వరద పదో ఏడాదికి మెడ దాకా వస్తుంది. కోనం, చీడికాడ లాంటి చోట్ల ఆ వరద చూసిన తాతలు ఇంకా ఉన్నారు. పిల్లలు ఇంటికి వెళ్లి చెబుతారు, తాతలు నవ్వుతారు, మర్నాటి తరగతికి నీళ్లు మళ్లీ మోకాలి దగ్గరికి దిగిపోతాయి.